నల్లని బట్టలలో దాగిన ఐశ్వర్యము



ధనవంతుడు తన ధనమును పదిమందికి ఎలా చూపించుకొనును అని అడిగితే మన ఊళ్లలో చిన్నపిల్లవాడు కూడ జవాబు చెప్పగలడు. మెడలో లావుపాటి గొలుసు, చేతికి గడియారము, పట్టుబట్ట, రెండంతస్తుల మేడ, ముంగిట కారు. అయితే ఇంచుమించు నాలుగు వందల సంవత్సరముల క్రిందట ఐరోపా ఖండములోని హాలెండు దేశములో బాగా కలిగినవారు చిత్రకారునిచేత తమ బొమ్మ వ్రాయించుకొన్నప్పుడు, ఎక్కువమంది నల్లని దుస్తులు తొడుగుకొని, మెడచుట్టు తెల్లని కాలరు పెట్టుకొని, పెదవి కదపకుండ నిలుచున్నారు. ఆ చిత్రములను మొదటిసారి చూచినవారికి వీరెవరో పాదిరిగార్లనిగాని, ఇంటిలో ఎవరో చనిపోయి దుఃఖములో ఉన్నవారనిగాని తోచును.

మేము వేదాంత పాఠశాలలో డిప్లొమాకు చదువుకొన్న దినములలో, సంఘచరిత్ర బోధించిన ఉపాధ్యాయులు ఇట్టి చిత్రములున్న ఒక పెద్ద పుస్తకమును తరగతికి తెచ్చేవారు. సంస్కరణోద్యమము హాలెండుకు వచ్చిన సంగతి చెప్పుచు ఆ బొమ్మలను చూపగా, మాతో చదివిన ఒక సహోదరుడు, "అయ్యగారూ, ఇంత ధనవంతులై యుండి ఎంత సాదాగా ఉన్నారండి!" అన్నాడు. ఉపాధ్యాయులు నవ్వి, "ఆ కాలరును ఉతికించి గంజి పెట్టించుటకు ఎంత ఖర్చో ముందు లెక్క కట్టు నాయనా" అన్నారు. ఆ మాట మా మనస్సులో నిలిచిపోయినది. నాటినుండి అట్టి చిత్రములు ఎక్కడ కనబడినను ఆగి చూచుట మాకు అలవాటైనది. ఇప్పుడైతే ఆమ్‌స్టర్‌డామ్ నగరములోని రైక్స్ మ్యూజియమువారు తమ చిత్రములను ఇంటర్నెట్టులో ఉచితముగా ఉంచియున్నారు గనుక, సెల్‌ఫోనులో పెద్దవి చేసికొని కుట్టు కుట్టు చూడవచ్చును. ఇన్నాళ్లు చూచి తెలిసికొన్నది మీతో పంచుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందు ఆ దేశపు స్థితిని గూర్చి కొంచెము. హాలెండును కలుపుకొని ఏడు రాష్ట్రములు స్పెయిను రాజుపై తిరుగబడి, 1581లో అతని ఏలుబడిని త్రోసివేసి, 1648 నాటి ఒడంబడికతో స్వతంత్ర దేశముగా గుర్తింపు పొందినవి. రాజదర్బారు చుట్టు తిరిగే జమీందారులకంటె ఓడలమీద సరకు నడిపే వర్తకులు, బీరు కాచేవారు, బట్టల వ్యాపారులు, నగర పెద్దలు అక్కడ బలవంతులైనారు. ఆరాధన స్థలములలో పటములు ఉండరాదని సంస్కరణ సంఘము ఎంచినందున చిత్రకారులకు గుడి పని లేకుండ పోయినది. వారు ఇండ్లవైపు తిరిగారు. ఇండ్లలోనివారు తమ ముఖములను వ్రాయించుకొన్నారు. పెద్ద వంశము, బిరుదులు, కోటలు చెప్పుకొనుటకు లేని వర్తకుడు "నేను ఫలానివాడను" అని ఎలా చెప్పవలెను? పైగా అది ఆడంబరమును గూర్చి బోధకులు గద్దించే సమాజము. గట్టిగా చెప్పకూడదు, చెప్పకుండ ఉండలేడు. అందుచేత ఎరిగినవారికి మాత్రమే వినబడునట్లు చెప్పే పద్ధతి ఒకటి ఏర్పడినది.

మొదట నలుపు సంగతి. నల్లరంగు చౌక అని మనము అనుకొందుము. ఆ కాలములో వెలిసిపోని నిండు నలుపును బట్టకు పట్టించుట అద్దకపు పనులన్నిటిలో కష్టమైన వాటిలో ఒకటి. ముందు నీలిమందులో ముంచి, మంజిష్ఠ జాతి వేరుతో ఎరుపు ఎక్కించి, మాచికాయలతోను ఇనుప లవణముతోను నలుపుకు తేవలెను. ఒక్క ముంచుతో అయ్యే పని కాదు. చౌకగా అద్దిన నలుపు కొన్నాళ్లకే గోధుమరంగుకు తిరుగును, లేదా ఇనుము బట్టనే తినివేయును. కాబట్టి నిగనిగలాడే నల్లని పట్టును చూడగానే తోటి వర్తకుడు దాని వెలను కన్నుతోనే కట్టగలడు. చిత్రకారుడు కూడ ఆ నలుపును ఒకే పూతగా పూయలేదు. ఉన్ని నలుపు వేరు, మఖమలు నలుపు వేరు, పట్టు నలుపు వేరు. హార్లెము పట్టణపు చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ ఈ పనిలో ఎంత నేర్పరి అనగా, రెండు వందల ఏండ్ల తరువాత వచ్చిన విన్సెంట్ వాన్ గోగ్ తన తమ్మునికి వ్రాసిన ఉత్తరములో హాల్స్‌కు 27 రకముల నలుపులున్నవని లెక్క చెప్పెను. ఈ వాన్ గోగ్ కూడ ఒక పాదిరిగారి కుమారుడే.

ఇక కాలరు. 1600 ప్రాంతమున స్త్రీపురుషులు తొడిగిన గుండ్రని కాలరును ఆ దేశస్థులు తమ భాషలో తిరుగలి రాయి అని పిలిచేవారు. నిజముగానే మెడచుట్టు తిరుగలి రాయి పెట్టినట్లుండును. దానిలో కొన్నింటికి సన్నని అవిసెనార బట్ట పది మీటర్లకు పైగా పట్టేది. ఆ నారబట్టను తెల్లబరచుటకు హార్లెము ప్రసిద్ధి. క్షారపు నీళ్లలోను పులిసిన మజ్జిగలోను నానబెట్టి, ఇసుక దిబ్బల ప్రక్కనున్న పచ్చికమీద పరచి, నీళ్లు చల్లుచు నెలల తరబడి ఎండబెట్టేవారు. తరువాత గంజి పెట్టి, కాచిన ఇనుప కడ్డీతో ఒక్కొక్క మడతను నిలబెట్టవలెను. ఒక వాన జల్లు, ఒక చెమట పట్టు చాలు, అంతయు వాలిపోవును. అట్టి కాలరు తొడిగినవాడు మూట మోయలేడు, వంగి కలుపు తీయలేడు, తన గిన్నెలోనికైనను సరిగా తొంగిచూడలేడు. నేను చేతులతో పని చేయనక్కరలేనివాడను, నా బట్టలు ఉతుకుటకు మనుష్యులున్నారు అని ఆ తెల్లని కాలరు నోరు తెరవకుండ చెప్పుచున్నది.

దాని అంచున లేసు ఉన్నయెడల లెక్క ఇంకను పెరుగును. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో లేసు అల్లే మన అక్కచెల్లెండ్రకు ఆ పని కన్నులను, నడుమును ఎలా తినివేయునో మేము చెప్పనక్కరలేదు. మిషనెరీలు మన గోదావరి తీరమున నేర్పినది కొక్కెపు సూదితో అల్లే లేసు. హాలెండు ధనికులు తొడిగినది అంతకంటె సన్నని నారదారమును పదుల కొలది చిన్న కదుళ్లకు చుట్టి, దిండుమీద గుచ్చిన సూదుల మధ్య పెనవేసినది. జానెడు లేసుకు ఎన్నో దినములు పట్టేవి. చిత్రకారుడు ఆ లేసు రంధ్రములను ఒక్కొక్కటిగా వ్రాసెననగా, కొనినవాడు పెట్టిన ఖర్చును ఒక్కొక్క కాసుగా లెక్క అప్పజెప్పినట్లే.

నిలుచున్న తీరులో కూడ అర్థమున్నది. భార్యాభర్తలను తరచుగా రెండు వేరు వేరు పటములలో వ్రాసేవారు. గోడకు తగిలించినప్పుడు చూచువారికి ఎడమ ప్రక్కన భర్త, కుడి ప్రక్కన భార్య. అనగా భర్తకు కుడిచేతి గౌరవ స్థానము. అతడు నడుముమీద చేయి పెట్టి మోచేతిని బయటికి చాపును. ఆమె మోచేతులను దగ్గరకు పెట్టుకొని అతనివైపు కొంచెము తిరిగియుండును. చేతిలో మెత్తని తోలు చేతితొడుగులు తరచుగా కనబడును. పై మూలలో వయస్సు, సంవత్సరము, కొన్నింటిలో కుటుంబపు ముద్ర ఉండును. తాత జాలరియైనను మనుమడు తన ఇంటికి ఒక ముద్రను ఏర్పరచుకొనవచ్చును. మచిలీపట్నములోని డచ్చివారి సమాధులను చూచినవారికి ఇది వెంటనే అర్థమగును. ఆ రాతి పలకలమీద పేరుకు పైన చెక్కియున్నవి ఇట్టి కుటుంబ ముద్రలే.

రాజులకు మాత్రమే తగునని ఎంచిన పద్ధతిని కూడ వర్తకులు కొందరు చేపట్టారు. రెంబ్రాంట్ అను ప్రసిద్ధ చిత్రకారుడు 1634లో మార్టెన్ సోల్‌మన్స్, ఊప్యెన్ కాపిట్ అను యౌవన దంపతులను తల మొదలుకొని పాదముల వరకు, నిజమైన మనుష్యుల ఎత్తున, రెండు పటములుగా వ్రాసెను. అట్టి నిలువెత్తు పటము అంతవరకు రాజులకు, గొప్ప ప్రభువులకు చెల్లేది. మార్టెను నల్లని పట్టు దుస్తులలో, చెప్పులమీద పెద్ద లేసు పువ్వులతో నిలుచున్నాడు. ఊప్యెను చేతిలో నిప్పుకోడి ఈకల విసనకర్ర ఉన్నది. 2016లో ఫ్రాన్సు, నెదర్లాండ్సు ప్రభుత్వములు ఈ రెండు పటములను కలిసి 16 కోట్ల యూరోలకు కొన్నవి. మార్టెను తండ్రి ఆమ్‌స్టర్‌డామ్‌లో పంచదార శుద్ధిచేసే కార్ఖానా నడిపినవాడు. ఆ కాలములో అక్కడికి పంచదార వచ్చినది బ్రెజిల్ తోటలనుండి, ఆ తోటలలో చెరకు నరికినవారు ఆఫ్రికానుండి బానిసలుగా తెచ్చిన మనుష్యులు. 2021లో రైక్స్ మ్యూజియమువారు బానిసత్వమును గూర్చి పెట్టిన ప్రదర్శనలో ఈ దంపతుల పటములను కూడ చేర్చి ఈ సంగతిని ప్రజలకు చెప్పారు. చెప్పులమీద పువ్వును చూచినప్పుడు చెరకు తోటను కూడ చూడవలెనన్నమాట.

చిత్రములో చోటు కూడ డబ్బుకు కొనేదే. రెంబ్రాంట్ 1642లో ముగించిన "నైట్ వాచ్" అను పెద్ద పటములో నగర కావలి దళమువారు ఉన్నారు. చెల్లించినవారు మనిషికి సుమారు 100 గిల్డర్ల చొప్పున ఇచ్చారనియు, పటములో వారి చోటునుబట్టి కొందరు ఎక్కువ, కొందరు తక్కువ ఇచ్చారనియు తరువాత సాక్ష్యము చెప్పిన వారున్నారు. ఒక చేతిపనివాని ఏడాది సంపాదన 200 నుండి 300 గిల్డర్లు ఉన్న కాలమది. ముందు వరుసలో వెలుగులో నిలిచినవానికి ఒక ధర, వెనుక ఎవరి భుజము చాటుననో సగము ముఖము కనబడినవానికి ఒక ధర.

బోధకులు దీనికి వేరుగా ఉన్నారా? 1641లో రెంబ్రాంట్ వ్రాసిన కార్నెలిస్ ఆన్‌స్లో అనువారి పటమును మేము చాలసార్లు చూచాము. ఆయన మెన్నొనైటు సంఘములో ప్రసంగి, బట్టల వ్యాపారి కూడ. ఆ సంఘమువారు నిరాడంబరమైన దుస్తులకు పేరుపొందినవారు. పటములో ఆయన బల్లయొద్ద కూర్చుండి, తెరచిన పెద్ద గ్రంథమువైపు చేయి చాపి భార్యతో మాటలాడుచున్నాడు. ఆమె చేతిరుమాలు పట్టుకొని వినుచున్నది. రంగులలో ఆడంబరము ఏమియు లేదు. అయితే ఆయన అంగీ అంచున జంతువు బొచ్చు ఉన్నది. బల్లమీద పరచినది తూర్పు దేశపు ఖరీదైన తివాచీ. చిత్రకారుడు గ్రంథముమీద వెలుగు పడనిచ్చెను, తివాచీని కూడ దాచలేదు. ప్రసంగవేదికనుండి మాటలాడే మావంటివారు ఈ పటము ముందు కొంచెము సేపు నిలిచి, మన బల్లమీద ఏమి పరచియున్నదో చూచుకొనుట మంచిది.

ఆ తూర్పు సరకులలో మన తెలుగు తీరమునకు కూడ పాలున్నది. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీవారు 1605, 1606 సంవత్సరములలో బందరుకు వచ్చి గోల్కొండ సుల్తాను అనుమతితో వర్తకము ప్రారంభించారు. పాలకొల్లు, భీమునిపట్నము మొదలైన చోట్ల కూడ వారికి స్థావరములుండేవి. బందరులో నేటికిని వలందపాలెము అను పేట వారి పేర నిలిచియున్నది. చిరివేరు ఎరుపుతో అద్దిన మన కలంకారీ బట్టలు ఓడలెక్కి ఆమ్‌స్టర్‌డామ్ చేరినవి. 1600ల చివరి భాగమున అక్కడి పండితులు, వర్తకులు జపాను తరహా వదులు అంగీ తొడుగుకొని పటములు వ్రాయించుకొన్నారు. అట్టి అంగీలను జపాను పట్టుతోనే గాక మన తీరపు అద్దకపు బట్టతో కూడ కుట్టించుకొనేవారు.

పీటర్ వాన్ డెన్ బ్రూక్ అను కంపెనీ వర్తకుని కథ ఇంకను దగ్గరిది. 1617లో సూరతు దరిదాపుల అతని ఓడలు ఒడ్డుకు కొట్టుకొని పాడైపోగా, అతడు తన మనుష్యులతో దక్కను మీదుగా నేలమార్గమున బందరు వరకు ప్రయాణము చేసెను. అతని పటమును ఫ్రాన్స్ హాల్స్ 1633 ప్రాంతమున వ్రాసెను. అది నేడు లండనులోని కెన్‌వుడ్ భవనములో ఉన్నది. ఎండకు కమిలిన ముఖము, చెదరిన జుట్టు, చిరునవ్వు. నల్లని దుస్తులకు అడ్డముగా బరువైన బంగారు గొలుసు. 17 సంవత్సరముల సేవకు కంపెనీవారు ఇచ్చిన బహుమానమది. ఆ గొలుసు అతడు తిరిగిన దూరమును చెప్పును. అతడు కొని తెచ్చిన బట్ట నేసినవారిని, అద్దినవారిని గూర్చి ఏమియు చెప్పదు.

గొలుసు మాట వచ్చినది గనుక మా పరిచర్యలో జరిగిన ఒక సంగతి చెప్పెదము. పాత ఫొటో స్టూడియోలలో వెనుక వ్రేలాడిన పరదామీద స్తంభము, మడతలు పడిన తెర, దూరమున తోట ఉండుట మీకు జ్ఞాపకముండును. అవి ఐరోపా చిత్రపటములనుండి వచ్చినవే. ఫొటో పెట్టె వచ్చిన తరువాత అక్కడి ఫొటోగ్రాఫర్లు చిత్రకారుల స్తంభమును, తెరను తమ గదులలో పెట్టుకొన్నారు, మనవారు వారిని చూచి పెట్టారు. ఇప్పుడు పరదా పోయి కంప్యూటరు వచ్చినది. మా సంఘములో ఒక వృద్ధురాలు నిద్రించినప్పుడు ఇంటిలో ఆమె ఫొటో ఆధారు కార్డుమీది చిన్న బొమ్మ ఒక్కటే. కుమారులు దానిని పెద్దది చేయించి, ఆమె మెడలో బంగారు గొలుసు, మంచి పట్టుచీర పెట్టించవలెనని స్టూడియోవానికి చెప్పారు. తల్లిని గొప్పగా చూపవలెనని వారి ప్రేమ. చిన్న కుమార్తె మాత్రము ఒప్పుకొనలేదు. "అన్నయ్యా, అమ్మకు నిజముగానే గొలుసు ఉండేది. నా నర్సింగు ఫీజుకు అమ్మినది. ఇప్పుడు మెడలో గొలుసు పెడితే అమ్మ అమ్మినది అబద్ధమైపోదా?" అన్నది. ఇంటిలో ఎవరును మాటలాడలేదు. మేము కూడ ఏమియు అనలేదు. పెద్దకుమారుడు లేచి వెళ్లి, ఉన్నది ఉన్నట్లే ముద్రించమని చెప్పివచ్చాడు.

గొలుసు లేని మెడ కూడ ఒక మనిషి స్థితిని చెప్పగలదని ఆ దినమున చూచాము. ఆ తరువాత డచ్చి పటములలో నగలు తొడిగినవారి ప్రక్కన నిలిచినవారిమీదికి మా కన్ను ఎక్కువగా పోవుచున్నది. ఫ్రాన్స్ హాల్స్ 1619, 1620 ప్రాంతమున వ్రాసిన ఒక పటములో కాటరీనా హూఫ్ట్ అను పసిబిడ్డ దాది చేతులలో ఉన్నది. బిడ్డకు బంగారు జరీ పువ్వుల దుస్తులు, ఒంటిమీద ఎంత బట్ట ఉన్నదో అంత లేసు. ఆమె పెద్దదై ఆమ్‌స్టర్‌డామ్ నగర పెద్దలలో మొదటివారిలో ఒకనిని పెండ్లాడినది. దాదికి నల్లని బట్ట, లేసు లేని కాలరు. తండ్రి ఆస్తిని చూపుటకు ఆమెను ప్రక్కన నిలిపారు, నిజమే. అయితే చిత్రకారుడు ఆమె ముఖమును బిడ్డ ముఖమంత శ్రద్ధతో వ్రాసెను. బిడ్డ ఎవరో, ఎవరి కుమార్తెయో, ఎవరిని పెండ్లాడెనో మనకు తెలియును. దాది పేరు ఎవరికిని తెలియదు.

ఫెర్డినాండ్ బోల్ 1649లో ఆమ్‌స్టర్‌డామ్ కుష్ఠరోగుల ఆశ్రమపు పెద్దలను వ్రాసెను. పెద్దలు నల్లబట్టలతో బల్లచుట్టు కూర్చున్నారు. ఒక ప్రక్కన తలమీద పుండ్లతో ఒక పిల్లవానిని ఆశ్రమములో చేర్చుటకు తెచ్చి నిలిపారు. ధర్మము చేయుటకు తగినంత కలిగియుండుట కూడ ఒక హోదా, దానిని చూపుటకు ఆ పిల్లవాడు కావలసివచ్చెను. ఆ పటము మ్యూజియములో ఉన్నది, పెద్దల పేర్లతో.

చివరకు హాల్స్ సంగతి. ధనవంతుల లేసును, నలుపును ఇంతగా వ్రాసిన ఆ చేయి తనకు ఏమియు మిగుల్చుకొనలేదు. 1664 నాటికి 80 ఏండ్లు దాటి, అప్పులలో ఉండగా హార్లెము నగరసభవారు పొయ్యిలోనికి మూడు బండ్ల పీటు మట్టిగడ్డలను, సంవత్సరమునకు 200 గిల్డర్ల భృతిని ఇచ్చారు. ఆ సంవత్సరమే ఆయన అదే పట్టణపు వృద్ధుల ఆశ్రమము నడిపే పురుషులను, స్త్రీలను రెండు పటములుగా వ్రాసెను. బంగారము లేదు, లేసు లేదు. నలుపు, తెలుపు, ముసలి ముఖములు, ముసలి చేతులు. 1666లో ఆయన మరణించెను. ఆశ్రమముండిన ఆ ఇల్లే 1913 మొదలు ఫ్రాన్స్ హాల్స్ పేర మ్యూజియముగా ఉన్నది.

ప్రియులారా, డచ్చివారు తమ పటముల మూలను వయస్సు, సంవత్సరము వ్రాయించిన అలవాటు మంచిది. మీ ఇంటిలోని పాత ఫొటోలను ఒక సాయంత్రము దింపి, దుమ్ము తుడిచి, వెనుక పేర్లు, సంవత్సరములు వ్రాసి పెట్టండి. ప్రక్కన నిలిచిన పనివారి పేరు, బిడ్డను ఎత్తుకొన్న ఆయమ్మ పేరు కూడ వ్రాయండి. ఫొటో తీయించుటకు ఎవరి గొలుసు అడిగి తెచ్చారో పెద్దవారికి జ్ఞాపకమున్నయెడల, వారు బ్రదికియుండగానే అడిగి అది కూడ వ్రాయండి.